అమ్మకు సీపాప్ మాస్కు కుదరడం లేదు, ముక్కుపుడక తీయనంటోంది – ఏది కొనాలి?

కృష్ణవేణి (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా అమ్మకు అరవై నాలుగేళ్లు, ఉండేది భీమవరంలో. గురక మా ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్నదే. నిద్రలో ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేస్తోందని నాన్న చెప్పాక పరీక్ష చేయించాం. ఏహెచ్ఐ 38 వచ్చింది. అంటే సగటున గంటకు అన్నిసార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందట. 30 దాటితే తీవ్రమైనదేనని చెప్పి డాక్టరు గారు సీపాప్ (నిద్రలో గొంతు దారి మూసుకుపోకుండా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషిను) రాశారు. మెషిను కొన్నాం. దానితో పేచీ లేదు, చిక్కంతా మాస్కుతోనే.

అమ్మినవాళ్లు ముక్కూ నోరూ రెండూ కప్పే ఫుల్ ఫేస్ మాస్కు ఇచ్చారు. కొలత తీసుకోలేదు. "అందరూ ఇదే తీసుకుంటారు" అన్నారు. ఇప్పుడు అమ్మకు ముక్కు దూలం మీద చర్మం కందిపోయింది, గాలి కళ్లలోకి కొడుతోంది. నాన్నేమో లీకు ఆపాలని రోజూ పట్టీలు ఇంకాస్త బిగిస్తున్నారు. ఒక పక్క ఆగితే ఇంకో పక్క బుస్సుమంటోంది. తెల్లారేసరికి మాస్కు మంచం కింద ఉంటోంది.

ఇంకో రెండు సంగతులు చెప్పాలి. అమ్మ ముక్కుపుడక తీయదు. వెనకాల మర ఉండే పాతకాలపు ఒంటి రాయి పుడక, కుడి పక్కన. పెళ్లప్పటి నుంచి తీసింది లేదు, ఆ మాట ఎత్తితేనే కోపం. పైగా నడుము దాటిన జడ, రోజూ కొబ్బరినూనె. పట్టీలు జిడ్డెక్కి జారిపోతున్నాయి.

మాస్కు ఒకసారి తెరిస్తే వాపసు తీసుకోరు. అందుకే కొనేముందు అడుగుతున్నాను.

మీసాల మేనేజరు (విశాఖపట్నం)

అమ్మా కృష్ణవేణీ, ఆ పెద్ద మాస్కును అటక ఎక్కించు. నేను బ్యాంకులో ఉండగానే మొదలుపెట్టాను ఈ సీపాప్, రిటైరైనా దాన్ని వదల్లేదు. నా మీసం నీకు ఫోటోలో కనబడుతూనే ఉంటుంది. దాని మీద ఏ మాస్కూ అతకదు, వెంట్రుకల సందుల్లోంచి గాలి పోతుంది. చివరికి నప్పింది పిల్లో మాస్కు. రెండు చిన్న సిలికాన్ బుడిపెలు ముక్కు రంధ్రాల దగ్గర ఆనుకుంటాయి, అంతే. ముక్కు దూలం మీద ఏదీ ఉండదు, కళ్లద్దాలు పెట్టుకుని పేపరు చదువుకోవచ్చు. రెస్‌మెడ్ పీ10 లాంటివి చూడు, పెట్టెలోనే రెండు మూడు సైజుల బుడిపెలు ఇస్తారు కాబట్టి కొలత తప్పుతుందన్న బెంగ తక్కువ.

ఇక పుడక అంటావా, రాత్రి తీసి పొద్దున పెట్టుకుంటే ఏమవుతుంది? అన్నేళ్ల నాటి రంధ్రం ఒక్క రాత్రికి పూడిపోదు కదా.

ఓరుగల్లు వదిన (వరంగల్)

మేనేజరు గారూ, మీ మీసం రాత్రికి తీసి పొద్దున అతికించుకోమంటే మీరు ఊరుకుంటారా? ఆవిడకు పుడక అలాంటిదే. ఆ విషయం పక్కన పెట్టి మాస్కు సంగతి చూద్దాం.

నేను స్వయంగా సీపాప్ వాడుతున్నాను, నాకూ పుడక ఉంది. పిల్లో మాస్కు పెట్టుకుంటే పుడక వెనకాల మర ముక్కు లోపల ఆ బుడిపెకు ఒరుసుకుంటుంది. రెండో రోజుకే పుండవుతుంది. కాబట్టి మర పుడక ఉన్నవాళ్లకు పిల్లో వద్దనే నా సలహా. ముక్కు కింద ఉయ్యాలలా ఆనుకునే రకాలు (డ్రీమ్‌వేర్, ఎవోరా, ఎన్30ఐ వంటివి) పుడక ఎంత ఎత్తున ఉందన్న దాన్ని బట్టి నప్పుతాయి. ముక్కు రంధ్రానికి దగ్గరగా కుట్టించుకుని ఉంటే కుషన్ (ముఖానికి ఆనే మెత్తటి సిలికాన్ భాగం) అంచు సరిగ్గా పుడక మీదే కూర్చుంటుంది.

ముక్కు మొత్తాన్ని కప్పే మామూలు నేసల్ మాస్కు అయితే అంచు బుగ్గ మీద ఆనుతుంది, పుడక లోపల స్వేచ్ఛగా ఉంటుంది. సైజు మాత్రం చిన్నది కాకూడదు. నాకు నప్పింది అదే.

రాత్రి డ్యూటీ (హైదరాబాద్)

నిద్ర పరీక్షలు చేసే ల్యాబులో టెక్నీషియన్‌ని. డాక్టరును కాను, ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి.

కృష్ణవేణి గారూ, కొత్తది కొనేముందు మూడు విషయాలు కనుక్కోండి. పగలు మెలకువగా ఉన్నప్పుడు అమ్మగారు నోరు మూసుకుని హాయిగా ముక్కుతో ఊపిరి పీల్చగలరా? వెల్లకిలా పడుకుంటారా, పక్కకు తిరుగుతారా? మెషినులో ప్రెషర్ ఎంతకు పెట్టారు?

ఈలోగా ఉన్న మాస్కునే ఒకసారి సరిగ్గా పెట్టి చూడండి. చాలామంది కూర్చుని, మెషిను ఆపి ఉంచి, అద్దంలో చూసుకుంటూ పట్టీలు బిగిస్తారు. పడుకున్నాక బుగ్గలు, దవడ వదులై ముఖం ఆకారం మారుతుంది. ఆ బిగింపు ఇక పనికిరాదు. పట్టీలన్నీ వదులు చేసి, పడుకుని, మెషిను ఆన్ చేసి, గాలి వస్తుండగా మాస్కును ముఖం నుంచి కొంచెం పైకి లేపి మళ్లీ ఆనించాలి. కుషన్‌లో లోపలి పొర పలచగా ఉంటుంది, గాలి నిండితే అదే ఉబ్బి చర్మానికి అతుక్కుంటుంది. పట్టీ పని దాన్ని అక్కడ నిలబెట్టడం వరకే. గట్టిగా లాగితే ఆ పొర నలిగి మడత పడుతుంది, మడతలోంచి లీకు మొదలవుతుంది. మీ నాన్నగారు బిగించిన కొద్దీ బుస్సుమనడానికి కారణం అదే. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. రెండు పక్కలా ఒకేసారి సరిచేయాలి.

చాలా మెషినుల్లో 'మాస్క్ ఫిట్' అని ఉంటుంది. అది కాసేపు గాలిని ఎక్కువ ప్రెషర్‌తో వదిలి లీకు ఉందో లేదో చూపిస్తుంది. రాత్రి రాబోయే ప్రెషర్‌ను ముందే చూసుకున్నట్టు ఉంటుంది. అలాగే సెట్టింగులో మాస్కు రకం ఫుల్ ఫేస్ అని ఉందో, నేసల్ అని ఉందో చూడండి. మాస్కు మారిస్తే అదీ మార్చాలి, లేకపోతే లీకు లెక్క తప్పుగా చూపిస్తుంది.

కృష్ణవేణి

రాత్రి డ్యూటీ గారూ, చాలా ధన్యవాదాలు. పగలు ముక్కుతోనే పీలుస్తుంది, జలుబు చేస్తే తప్ప. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటుంది. ప్రెషర్ 4 నుంచి 20 వరకు ఆటో అని ఉంది. నిద్రలో నోరు తెరుస్తుందని నాన్న అంటున్నారు.

వదినా, పుడక బాగా పైకే ఉంది. మీరు చెప్పిన నేసల్ రకం పేర్లు ఏవైనా చెబుతారా?

ఓరుగల్లు వదిన

రెస్‌మెడ్ ఎన్20, ఫిషర్ అండ్ పేకెల్ ఎసన్ ఈ రకానివే. చిన్న, మధ్య, పెద్ద సైజులు ఉంటాయి. ముక్కు వెడల్పు కొలిచే కాగితం కొలబద్ద కంపెనీల వెబ్‌సైట్లలో దొరుకుతుంది, ముద్రించి ఆవిడ ముక్కుకు ఆనించి చూడండి. పుడక బయటికి ఉబ్బుగా ఉంటే దాన్ని కూడా కలిపి కొలవండి.

గుంటూరు లారీ (గుంటూరు)

అందరూ కలిసి ఫుల్ ఫేస్ మాస్కును తిట్టిపోస్తున్నారు, దాని తరఫున మాట్లాడేవాడు ఒకడైనా ఉండాలి. నాకు ముక్కు ఎప్పుడూ ఒక పక్క మూసుకునే ఉంటుంది. నేసల్ పెట్టుకుంటే గాలి ముక్కులో దూరి నోట్లోంచి బయటికి పోయేది, పొద్దునకు నాలుక అట్టకట్టుకుపోయేది. ఫుల్ ఫేస్‌కు మారాక లారీ మీద నిద్ర తూలడం పోయింది. నోరు తెరిచి పడుకునే ఆవిడకు ముక్కు మాస్కు కొనిపించి డబ్బు దండగ చేయించకండి.

ఒక్క ఇబ్బంది ఉంది. మాస్కు ముందు ఉన్న సన్నని రంధ్రాల్లోంచి చల్లగాలి మా ఇంటావిడ మెడ మీద కొడుతోంది. వాటికి ప్లాస్టర్ వేస్తే బాగుంటుందంటోంది. వేయవచ్చా?

రాత్రి డ్యూటీ

లారీ గారూ, వేయకండి! ఏ పరిస్థితిలోనూ వేయకండి. మీరు వదిలిన ఊపిరి బయటికి పోయే దారి అదే. గొట్టం ఒక్కటే కాబట్టి లోపలికి వచ్చే గాలి, బయటికి పోవాల్సిన కార్బన్ డయాక్సైడ్ అక్కడే విడిపోవాలి. అది లీకు కాదు, కావాలని పెట్టిన రంధ్రం. మెషిను లీకు లెక్క కట్టేటప్పుడు దాన్ని తీసేసే చూపిస్తుంది. ఇంటావిడకు గాలి తగలకుండా మీరు అటు తిరిగి పడుకోండి, లేదా గాలిని చెదరగొట్టే మెష్ రంధ్రాలున్న మాస్కు తీసుకోండి.

ఫుల్ ఫేస్ గురించి మీరన్నది మీ విషయంలో నిజమే. ముక్కు నిజంగా పనిచేయనివాళ్లకు అదే దిక్కు. కానీ అందరికీ మొదటి మాస్కుగా అది ఇవ్వడం నాకు నచ్చదు. కింది పట్టీలు గట్టిగా లాగితే మాస్కు గడ్డాన్ని వెనక్కి నెడుతుంది, దవడతోపాటు నాలుక కూడా వెనక్కి జరుగుతుంది. మనం తెరవాలనుకున్న గొంతు దారే ఇరుకవుతుంది. అప్పుడు ఇంకా ఎక్కువ ప్రెషర్ కావాలి, ప్రెషర్ పెరిగితే మళ్లీ లీకు. అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో కూడా ముక్కు మాస్కులకే మొగ్గు చూపింది.

కృష్ణవేణి గారూ, 4 నుంచి 20 అంటే మెషిను పెట్టెలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే వదిలేశారన్నమాట. కొన్ని వారాల రిపోర్టు తీసుకుని డాక్టరు గారికి చూపించండి, ఆ పరిధిని ఆయన కుదిస్తారు. అడుగు 4 అయితే కొందరికి గాలి చాలనట్టుండి ఊపిరాడదు, పై హద్దు 20 అయితే అర్ధరాత్రి ప్రెషర్ ఎక్కి మాస్కు ఎగిరిపోతుంది. మీరే మార్చకండి.

ఎడిసన్ తెలుగువాడు (న్యూజెర్సీ)

లారీ గారికీ రాత్రి డ్యూటీ గారికీ మధ్య తీర్పు చెప్పేది రాత్రి వివరాలు నమోదయ్యే మెషినులోని కార్డు. "నోరు తెరుస్తోంది" అన్నది నాన్నగారి సాక్ష్యం, అది ఎప్పటి మాట? మెషిను లేకుండా పడుకున్నప్పటిదా, ఉండగానా? గొంతు మూసుకుపోయి గాలి అందక నోరు తెరిచేవాళ్లు చాలామంది ఉన్నారు. గాలి అందడం మొదలయ్యాక వాళ్లలో కొందరికి నోరు దానంతట అదే మూతపడుతుంది. నాకు జరిగింది అదే.

రెస్‌మెడ్ మెషిను అయితే ఎస్‌డీ కార్డు తీసి ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. లీకు గీత నిమిషానికి 24 లీటర్ల లోపు ఉంటే మెషిను సర్దుకుంటుంది. రాత్రంతా గీత పైనే ఉంటే మాస్కు సైజో రకమో తప్పు. బాగానే సాగి తెల్లవారుజామున ఒక్కసారిగా గోడలా లేచి, కాసేపటికి పడిపోతుంటే అది ఎక్కువగా నోరే. కలలొచ్చే నిద్రలో కండరాలు వదులవుతాయి, అలాంటి నిద్ర తెల్లవారుజామున ఎక్కువ.

ఇక్కడ మాస్కు నప్పకపోతే నెలలోపు మార్చి ఇచ్చే దుకాణాలు ఎక్కువ. మెడికేర్ (పెద్దవాళ్లకు ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్నవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది: మొదటి 90 రోజుల్లో ఏదో ఒక 30 రోజుల వరుసలో 70 శాతం రాత్రులు, రాత్రికి కనీసం నాలుగు గంటలు వాడినట్టు మెషిను సాక్ష్యం చెప్పాలి, లేకపోతే డబ్బు కట్టరు. మన ఊళ్లో ఆ నిఘా లేదు కానీ మాస్కు మార్చి ఇచ్చే దిక్కూ లేదు. అమ్మేవాళ్లను ముందే గట్టిగా అడగండి. సైజులు పెట్టి చూపించి, మెషిను తగిలించి, పడుకోబెట్టి చూడనిచ్చే చోటే కొనండి.

చెవి ముక్కు గొంతు (కర్నూలు)

ఈఎన్‌టీ వైద్యుడిని. లారీ గారూ, ఎప్పుడూ ఒకే పక్క ముక్కు మూసుకుపోతే ముక్కు లోపలి మధ్య గోడ వంకర ఉందేమో చూపించుకోండి. మాస్కు మార్చడంతో ముక్కు బాగుపడదు. అలర్జీ వల్ల లోపలి కండ వాచినా ఇంతే, దానికి మందులున్నాయి. నెలల తరబడి ముక్కు తెరిచే చుక్కలు వేసుకునే అలవాటు మాత్రం వద్దు, అవి ఆపగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుంటుంది.

నోటికి టేపు అంటించుకోవడం ఇంటర్నెట్‌లో తెగ కనబడుతోంది. ముక్కు మూసుకుపోయేవాళ్లకు, వాంతి అయ్యే ప్రమాదం ఉన్నవాళ్లకు అది ప్రమాదకరం. పెద్దవయసు ఆవిడకు అసలే చేయకండి.

పాలకొల్లు శ్రీను (పాలకొల్లు)

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నకు పేస్‌మేకర్ ఉంది. ఆయనకు కూడా సీపాప్ రాశారు. మాస్కు క్లిప్పులు టక్కున అతుక్కునే రకం బాగుంది, ముసలాయన వేళ్లకు తేలిక అని చూస్తున్నాం.

రాత్రి డ్యూటీ

శ్రీను గారూ, ఆగండి. టక్కున అతుక్కునేది అయస్కాంతం. పేస్‌మేకర్, గుండె షాక్ యంత్రం, మెదడులో లోహపు క్లిప్పులు వంటివి ఉన్నవాళ్లు అయస్కాంతం క్లిప్పుల మాస్కు వాడకూడదు. ఫిలిప్స్ 2022లో, రెస్‌మెడ్ 2023లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరికలు ఇచ్చాయి. అలాంటి పరికరానికి అయస్కాంతం కనీసం ఆరంగుళాల దూరంలో ఉండాలి, నిద్రలో మాస్కు ఊడి ఛాతీ మీద పడదని ఎవరు హామీ ఇస్తారు? పక్కన పడుకునే మనిషికి పేస్‌మేకర్ ఉన్నా ఇదే జాగ్రత్త. మామూలు ప్లాస్టిక్ క్లిప్పుల మాస్కులు అన్ని రకాల్లోనూ ఉన్నాయి, అవి అడగండి. కొనేముందు గుండె డాక్టరు గారితో ఒక మాట అనండి.

నిర్వాహకుడు

"వాడిన మాస్కు, సగం ధర" అన్న పోస్టును తీసేశాను. ఇంకొకరి ముక్కు మీద ఏళ్లు గడిపిన కుషన్‌ను ఇక్కడ అమ్మడం కుదరదు. పాత మెషిన్ల అమ్మకాలు కూడా ఈ విభాగంలో వద్దు.

మీసాల మేనేజరు

వదిన గారు నా మీసం మీద వేసిన చురక అందింది. పుడక మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక చిన్న చరిత్ర చెప్పి కూర్చుంటాను. సీపాప్‌ను తెచ్చిన ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సలివన్ 1981లో ప్రచురించిన మొదటి అధ్యయనంలో రోగులు ఐదుగురే. గాలి పంపింది ముక్కు ద్వారానే. ఆ తొలి ఏళ్లలో ఒక్కొక్కరి ముక్కుకు అచ్చు పోసి మాస్కు తయారుచేసి, రోజూ రాత్రి సిలికాన్ జిగురుతో ముఖానికి అంటించుకునేవారట, పొద్దున లేచి పీక్కునేవారట. మా ఆవిడ నా గొట్టం చూసి ఏనుగు తొండం అన్నప్పుడల్లా ఆ జిగురు మనుషులను తలుచుకుంటాను.

కృష్ణవేణి

భీమవరం వెళ్లి వచ్చాను. రిపోర్టు చూసి డాక్టరు గారు ప్రెషర్ పరిధి 7 నుంచి 13కు కుదించారు. మాస్కు కూడా మార్చాం: మధ్య సైజు నేసల్, ముక్కు మొత్తం కప్పేది. పుడక దాని లోపల ఎక్కడా తగలడం లేదు! ఈసారి దుకాణంలో బల్ల మీద పడుకోబెట్టి చూశాకే డబ్బు కట్టాం. అందుకు వాళ్లు కొంచెం గొణిగారు.

మొదటి రాత్రి గాలి తగలగానే "ఊపిరాడటం లేదు" అని తీసేసింది. తర్వాత రాత్రి డ్యూటీ గారు నాకు విడిగా చెప్పినట్టు, పగలు సీరియల్ చూస్తున్నప్పుడు ముందు మాస్కు ఒక్కటే, మర్నాటి నుంచి గాలితో పెట్టించాం. అత్త కోడలిని తిడుతుంటే మాస్కు సంగతే మరిచిపోయింది. ఇప్పుడు రాత్రి తనే పెట్టుకుంటోంది, తెల్లవారుజామున మాత్రం ఇంకా తీసేస్తోంది. లీకు చాలావరకు 24 లోపే ఉంది. అక్కడక్కడ ఎడిసన్ గారు చెప్పిన గోడలు కనబడుతున్నాయి.

జిడ్డు సమస్య అలాగే ఉంది. ఏసీ గదిలో గొట్టంలో నీళ్లు చేరి గలగలమంటున్నాయి. దానికీ ఏదైనా చెప్పండి.

ఓరుగల్లు వదిన

నూనె మానమనకండి, వేళ మార్చమనండి. పొద్దున పెట్టుకుని సాయంత్రానికి తల దువ్వేసుకుంటే చాలు. రాత్రికి జడ వదులుగా పక్కకు వేసుకోవాలి. పట్టీ జడ మీదుగా పోతే పొద్దునకు పైకి జారుతుంది, జడ కిందుగా మెడ దగ్గర పడాలి. తలకు పలచని నూలు గుడ్డ కట్టుకుని దాని మీద పట్టీలు వేసుకున్నా బాగుంటుంది.

పడుకునే ముందు ముఖం సబ్బుతో కడుక్కోవాలి. పౌడరు, పసుపు, క్రీము ఏవీ వద్దు. కుషన్‌ను రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్లలో చంటిపిల్లల సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. డెట్టాల్, స్పిరిట్ తగిలితే సిలికాన్ పాడవుతుంది. ముక్కు కందిన చోట వాజ్‌లైన్ రాసి మాస్కు పెట్టడం కూడా మంచిది కాదు. నేను ఉతికి ఉతికి మెత్తబడిన నేత చీర ముక్కను కుషన్ అంచు ఆకారంలో కత్తిరించి చర్మానికీ కుషన్‌కూ మధ్యలో పెట్టుకుంటాను. చెమట పీల్చుకుంటుంది, ఒరిపిడి ఉండదు.

నీళ్ల సంగతి: గొట్టంలో వెచ్చటి తేమగాలి, బయట ఏసీ చల్లదనం. గొట్టాన్ని దుప్పటి కిందుగా తీసుకురండి, మెషిను మంచం కన్నా కింద పెట్టండి, గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్ ఒక మెట్టు తగ్గించండి. వేడయ్యే గొట్టం కూడా అమ్ముతారు, ఖర్చు. డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోయండి, బోరు నీళ్లు పోస్తే తెల్లగా గార కడుతుంది.

కృష్ణవేణి

వదినా, మీకు ఒక నేత చీర బాకీ ఉన్నాను.

చివరిగా ఒకటి. వచ్చే నెల అమ్మానాన్నలు రైల్లో తిరుపతి వెళ్తున్నారు, రాత్రి ప్రయాణం. ఏసీ బోగీలో ప్లగ్గు ఉంటుంది కదా, దానికి పెట్టుకోవచ్చా?

రాత్రి డ్యూటీ

దాన్ని నమ్ముకోకండి. అవి ఫోన్ల కోసం ఉన్నవి, రాత్రి పదకొండు నుంచి ఐదు వరకు ఆపేసే బోగీలు ఉన్నాయి. మీ మెషిను మోడలుకు సరిపోయే బ్యాటరీ దొరికితే హ్యూమిడిఫయర్ ఆపేసి దాని మీద నడపండి. తేమ లేకపోతే ఆ ఒక్క రాత్రికి ముక్కు కాస్త పొడిబారుతుంది, అంతే. డబ్బాలో నీళ్లు ఒంపేసి మరీ సర్దండి, లేకపోతే కుదుపులకు మెషినులోకి పోతాయి. బ్యాటరీ కుదరకపోతే పగటి రైలు చూడండి.

భీమవరంలో కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టరు చాలు, ప్యూర్ సైన్ వేవ్ రకమేనా అని చూసుకోండి.

గుంటూరు లారీ

పదకొండుకు ఆపుతారన్నది నిజం, నేను చూశాను. కింది బెర్తు దొరికేలా బుక్ చేయండి, పై బెర్తు నుంచి గొట్టం వేలాడితే వచ్చేపోయేవాళ్లు తగులుతారు.

డాక్టరు గారూ, నా ముక్కు వచ్చే వారం చూపించుకుంటున్నాను. స్కాన్ తీయమంటే ఏ స్కాన్ అడగాలి?

చెవి ముక్కు గొంతు

మీరేమీ అడగక్కర్లేదు లారీ గారూ. ముందు ముక్కులోకి సన్నని కెమెరా గొట్టం పెట్టి చూస్తారు, అవసరమైతే వాళ్లే సీటీ రాస్తారు. నిద్ర పరీక్ష రిపోర్టు, మెషిను కార్డు వెంట తీసుకెళ్లండి.